మకు మ ఒత్తిస్తే

మా రాత్రి బడికి ఇరవై ఆరు మంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఇరవై ఒక్కమంది పేర్ల చివర 'మ్మ' ఉంది. పెంచలకోన నరసింహస్వామి మీద గురి ఉన్న ప్రాంతం కాబట్టి పెంచలమ్మలే నలుగురు. మిగిలినవాళ్ళు సుబ్బమ్మలు, రమణమ్మలు, కొండమ్మలు. ముందు ఎవరి పేరు వాళ్ళకి రాయడం నేర్పిస్తే హుషారుగా ఉంటుందని అనుకున్నాను. ఆ 'మ్మ' దగ్గరే మాకు పది రోజులు పట్టింది.

మ రాయడమే కష్టం. గుండ్రంగా తిప్పి, పైకి తెచ్చి, చివర్న తోక వంచాలి. తోక మర్చిపోతే అది వ అయిపోతుంది. దాని కింద మళ్ళీ అదే అక్షరం, చిన్నగా, తలకట్టు లేకుండా. "మకు మ ఒత్తిస్తే మ్మ" అని నేను పాటలాగా చెప్తుంటే, వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒకామె, "తల్లీబిడ్డా మాదిరిగా ఉండాయి గదా అబ్బయా" అంది. అందరూ తలలు వంచి పలకలకేసి చూసుకున్నారు. అవును, అలాగే ఉంది. ఆ రోజు నుంచి మా బడిలో ఆ అక్షరం పేరు తల్లీబిడ్డ.

1991 జనవరి అది. నాకు పందొమ్మిదేళ్ళు. కావలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ రోజూ ఊరి నుంచి బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. మాది కలిగిరి వైపు, నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం. నెల్లూరు అనగానే బయటివాళ్ళకి పెన్నా కాలవలు, మొలగొలుకులు, చేపల పులుసు గుర్తొస్తాయి. మా వైపు వాన పడితేనే పంట, చెరువు నిండితేనే పండగ. చలికాలం వచ్చిందంటే పొగాకు పని. పొద్దున్నే రెలుపుకు, అంటే ఆకు కోతకు పోయి, మధ్యాహ్నం ఆకును కర్రలకు కట్టి, ఆకు కాల్చే బ్యారన్‌కి మోసి, సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి రాజేసి, అందరికీ అన్నాలు పెట్టి, ఎనిమిదిన్నరకి రామాలయం అరుగు మీదికి వచ్చేవాళ్ళు మా బడి విద్యార్థులు. పచ్చి పొగాకు జిగురు వేళ్ళకి నల్లగా పట్టి ఉండేది. సబ్బుకి వదిలేది కాదు. బలపం ఆ జిగురుకి అతుక్కునేది. పలక మీద తెల్లటి అక్షరం, దాని పక్కనే నల్లటి వేలిముద్ర. ముప్పై ఏళ్ళు దాటినా ఆ పలకలు నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

అప్పట్లో జిల్లా అంతా అక్షరదీపం అని ఒక కార్యక్రమం నడిచింది. 1988లో కేంద్రం జాతీయ సాక్షరతా మిషన్ మొదలుపెట్టింది. 1990 ఫిబ్రవరిలో కేరళలో ఎర్నాకుళాన్ని సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటించారు. వాళ్ళు చేయగలిగింది మనం ఎందుకు చేయలేమని మా జిల్లాలో కొందరు నడుం కట్టారు. కొప్పుల రాజు గారు అప్పుడు కలెక్టరు. జన విజ్ఞాన వేదిక, భారత జ్ఞాన విజ్ఞాన సమితి కార్యకర్తలు ఊరూరా కళాజాతలు తిప్పారు. మా ఊరికి 1990 చివర్లో వచ్చారు. వేపచెట్టు కింద డప్పు కొట్టి, నాటిక వేసి, పాట పాడి, చివర్న అడిగారు: "మీ ఊళ్ళో చదువొచ్చినవాళ్ళు ఎవరైనా మూడు నెలలు రాత్రిపూట చదువు చెప్తారా? జీతం లేదు." చేతులెత్తినవాళ్ళం ముగ్గురం.

ఆ రోజుల గురించి ఒక మాట చెప్పాలి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు 'ఆ కాలం వేరు, అప్పుడు జనంలో నమ్మకం ఉండేది' అంటుంటారు. నాకు అలా గుర్తులేదు. 1990 ఆగస్టులో వెనకబడిన కులాల రిజర్వేషన్ల మీద మండల్ ప్రకటన, ఆ తర్వాత గొడవలు, మా కాలేజీ వారాల తరబడి సరిగ్గా నడవలేదు. ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం మాటలు మానేసుకున్నాం. ఉద్యోగాలు రావని అందరికీ తెలుసు. కొన్నాళ్ళకి దేశం బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టుకోవాల్సి వచ్చింది. మే నెలలో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపేశారు. 'ఈ దేశం ఇంకేం బాగుపడుతుంది' అనే మాట మా టీ కొట్టు దగ్గర రోజూ వినపడేది. మా నాన్న మంచి మనిషే, ఆయన కూడా, "ముసలోళ్ళకి చదువు చెప్పి నువ్వు ఉద్ధరించేదేంది? ముందు నీ పరీక్షలు చూసుకో" అన్నారు. ఆశ అప్పుడూ ఎవరింట్లోనూ మూటలు కట్టి లేదు.

తల్లీబిడ్డ అన్న ఆమె నాకు వరసకి పెద్దమ్మ అవుతుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. నాలుగక్షరాల పేరు, చివర్న తల్లీబిడ్డ. అంతవరకు చెప్తే చాలు. ఆమె చదువుకోవడానికి రాలేదు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు రాత్రిపూట ఒంటరిగా రావడం ఎందుకని తోడొచ్చింది. ఆ కార్యక్రమం ముప్పై అయిదేళ్ళ లోపు వాళ్ళ కోసం. పెద్దమ్మకి నలభై అయిదు పైనే. నా రిజిస్టరులో ఆమె పేరు లేదు, ఆమె నేర్చుకున్నా నేర్చుకోకపోయినా పైకి పంపే లెక్క మారదు. స్తంభం దగ్గర కూర్చుని చింతపిక్కలు ఏరుకుంటూనో, నిద్రతో తూగుతూనో ఉండేది.

నాలుగో వారంలో ఒక రాత్రి, అందరూ లేచి వెళ్ళాక, కోడలి పలక తీసుకుని నా దగ్గరికి వచ్చింది. "నాది రాసి జూపీ అబ్బయా."

రాసి చూపించాను. దాన్ని చాలాసేపు చూసింది. అక్షరాల మీద వేలితో మెల్లగా తడిమింది, చెరిగిపోకుండా. తర్వాత అడిగింది: "ఇదా నేను?"

ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఊఁ అన్నాను.

ఆమె చేయి చాలా మొండికేసింది. కొడవలికి, రోకలికి అలవాటు పడిన చేయి కదా, బలపాన్ని కూడా అంత గట్టిగా పట్టుకునేది. మూడు బలపాలు విరిగాయి. మొదటి మూడక్షరాలు వారంలో వచ్చేశాయి. మ దగ్గరికొచ్చేసరికి తోక మర్చిపోయేది. తన పేరు చివర 'మ్మ' బదులు 'వ్వ' అయిపోయేది. "తోక, పెద్దమ్మా, తోక" అనేవాణ్ణి. "ఆ తోక నా చేతికి రాదబ్బయా" అనేది. చెరిపి మళ్ళీ రాసేది. లాంతర్లో కిరసనాయిలు అయిపోతుంటే వత్తి తగ్గించుకుని, ఆ గుడ్డి వెలుతురులో రాసేది. ఇంటి దగ్గర పొయ్యి బూడిదలో వేలితో రాస్తోందని కోడలు చెప్పింది. ఫిబ్రవరి దాటాక ఒక రాత్రి తోక వచ్చింది. పెద్దగా, అక్షరం కంటే పొడుగ్గా. ఆ రాత్రి పలక చెరపకుండా చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

మాకిచ్చిన వాచకాలు మూడు భాగాలు. అఆలు వరసగా దిద్దించడం కాకుండా, వాళ్ళకి తెలిసిన మాటతో, బొమ్మతో మొదలుపెట్టి, ఆ మాట మీద మాట్లాడించి, తర్వాత అక్షరాలు విడదీయమని శిక్షణలో చెప్పారు. ఆ మాట్లాడించడం దగ్గరే అసలు సంగతంతా ఉందని నాకు చాలా తర్వాత అర్థమైంది. కూలి అనే మాట వస్తే కూలి ఎంత, మగవాళ్ళకెంత, ఆడవాళ్ళకెంత అని గంట సేపు. నీళ్ళు అనే మాట వస్తే బోరింగు ఎన్నాళ్ళ నుంచి పాడైంది, ఎవరికి చెప్పాలి అని. నేను అడిగేవాణ్ణి, వాళ్ళు చెప్పేవాళ్ళు. నాకంటే రెట్టింపు వయసున్న మనుషులు ఒకరితో ఒకరు మొదటిసారి ఇలాంటివి మాట్లాడుకుంటున్నారు. అదే ఊళ్ళో, అదే వీధిలో, అదే పొలంలో ఇన్నేళ్ళు పక్కపక్కన పని చేసినవాళ్ళు.

ఒక రోజు పెద్దమ్మతో నేను మండల కేంద్రంలో ఒక ఆఫీసుకి తోడు వెళ్ళాను. కొడుకు పేరున రావాల్సిన ఏదో డబ్బు విషయం. కిటికీ దగ్గర గుమాస్తా కాగితం తోసి, ఆమె మొహం కూడా చూడకుండా ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాడు. అలవాటుగా ఆమె బొటనవేలు లేచింది. సగంలో ఆగింది. ప్యాడ్‌ని పక్కకి జరిపి, "పెన్ను ఇయ్యి నాయనా" అంది. వెనక ఏడెనిమిది మంది వరసలో ఉన్నారు. ఆమె కాగితాన్ని సర్దుకుని, కొంగుతో చేయి తుడుచుకుని, మొదటి అక్షరం మొదలుపెట్టింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వెనక నుంచి ఒకతను "తొందరగా కానీ అవ్వా" అన్నాడు. ఆమె వినలేదు. తోక వంచి, ఒత్తు పెట్టి, పెన్ను తిరిగిచ్చింది. గుమాస్తా ఆ సంతకాన్ని చూసి, అప్పుడు తల ఎత్తి ఆమె మొహం చూశాడు.

బస్సులో తిరిగి వస్తూ ఆమె తన బొటనవేలిని చూసుకుంది. "ఇన్నాళ్ళు వాళ్ళు ఏం రాసుకుంటే దానికి ఇది కొట్టినా" అంది. ఎన్ని కాగితాల మీద కొట్టిందో, వాటిలో ఏముందో ఆమెకు తెలియదు. రెండెకరాల చేను పోయింది అలాగే. ఆ సంగతి ఆమె ఏడవకుండా చెప్పింది. కిటికీ పక్కన కూర్చుని నేనే కళ్ళు తుడుచుకున్నాను.

ఆ సంవత్సరం జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మొత్తంలో ఏడేళ్ళు దాటిన ఆడవాళ్ళలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి ముప్పై ముగ్గురే. మిగతా అరవై ఏడు మంది బొటనవేళ్ళ వెనక ఎన్ని చేలు ఉన్నాయో!

సారా సంగతి దానంతట అదే వచ్చింది. ఎవరూ తెచ్చి పెట్టలేదు. వాచకంలో సీతమ్మ కథ అని ఒకటి ఉంది, తాగుబోతు మొగుడితో బతుకు చాలించుకున్న ఒక ఆడమనిషి కథ. అది చదివిన రాత్రి బడిలో ఒక్కరూ మాట్లాడలేదు. లాంతరు చుట్టూ పురుగులు తిరిగే చప్పుడు వినపడేంత నిశ్శబ్దం. తర్వాత ఒకామె జాకెట్టు చేయి పైకి జరిపి కాలిన మచ్చ చూపించింది. ఇంకొకామె వీపు. అప్పుడు పెద్దమ్మ అంది: "మా వీధికి మంచినీళ్ళు రావడానికి దోవ లేదంట. సారా ప్యాకెట్లకు మాత్రం యాడ్నించి దోవ దొరకతా ఉంది?"

సారా అంటే ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సరఫరా చేసిన చవక మందు. పాలిథీన్ ప్యాకెట్లలో వచ్చేది. ఏటా వేలం పాటలు పెట్టేవాళ్ళు. పాట దక్కించుకున్న కాంట్రాక్టర్లు ఊరూరా కొట్లు తెరిచేవాళ్ళు. అప్పు కూడా ఇచ్చేవాళ్ళు. శనివారం కూలి డబ్బు ఇంటికి రాకముందే ఆ అప్పు కింద పోయేది.

మాకు దగ్గర్లోనే దూబగుంట. అక్కడ రోశమ్మ గారు, తోటి ఆడవాళ్ళు కలిసి ఊళ్ళో సారా కొట్టు మూయించారని మాకు మొదట నోటిమాటగా తెలిసింది. తర్వాత వాళ్ళ గురించే 'ఆడవాళ్ళు ఏకమైతే' అని పాఠం వచ్చింది. ఆ పాఠం చదివేటప్పుడు మా బడిలో కలిగిన ఉత్సాహం నేను ఏ క్లాసురూములోనూ మళ్ళీ చూడలేదు. రాజుల గురించో, దేవుళ్ళ గురించో కాదు, పక్క ఊళ్ళో తమలాంటి మనుషుల గురించి పుస్తకంలో ఉంది. అది వాళ్ళంతట వాళ్ళు కూడబలుక్కుని చదివారు. "మ-న క-లి-గి-రి మం-డ-లం" అని కలిగిరి పేరు వచ్చిన చోట ఒకామె వేలు పెట్టి ఆగిపోయి, అందరికీ చూపించింది.

1992లో మా ఊళ్ళోనూ ఆ రోజు వచ్చింది. తెల్లవారుజామున ప్యాకెట్ల జీపు ఊరి మొదట్లో చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు. చీపుర్లు ఉన్నాయి, కారప్పొడి కూడా ఉందంటారు, నేను చూడలేదు. నేను కాస్త దూరంగా సైకిలు పట్టుకుని నిలబడ్డాను, వణుకుతూ. జీపులో వచ్చినవాళ్ళు బెదిరించారు, పోలీసుల్ని పిలుస్తామన్నారు. "పిల్చుకో. మేమూ కాయితం రాస్తాం" అంది పెద్దమ్మ. ఆ కాయితం అనే మాట ఆమె నోట్లో ఎంత ధీమాగా పలికిందో! జీపు వెనక్కి పోయింది. ఆ సాయంత్రం రామాలయం అరుగు మీద నోట్‌బుక్కులోంచి కాగితం చించి అర్జీ రాశాం. నేను రాయబోతే వద్దన్నారు. పెద్దమ్మ కోడలు రాసింది, తప్పులతో. మేము దిద్దలేదు. కింద నలభై మూడు సంతకాలు. ఒక్క వేలిముద్ర లేదు.

మండలాఫీసులో ఆ అర్జీ ఏమైందో మాకు తెలియదు. దాని ఒక్కదానివల్లే ఏదో జరిగిందని నేను అనను. కానీ అలాంటి కాగితాలు, అలాంటి పొద్దులు జిల్లా అంతా వందల ఊళ్ళలో పుట్టాయి. నెల్లూరులో సారా వేలం పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. ఈనాడులో 'సారాపై సమరం' అని ప్రత్యేకంగా పేజీ వచ్చేది. దాన్ని మా బడివాళ్ళు టీ కొట్టు దగ్గర నిలబడి చదివేవాళ్ళు. అంతకుముందు ఆ కొట్టు దగ్గర ఆడవాళ్ళు నిలబడడమే లేదు. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో, అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావు గారు ప్రమాణ స్వీకారం చేసిన రోజునే మద్యనిషేధం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. రేడియోలో ఆ వార్త విని పెద్దమ్మ, "ఆయనకి సంతకం పెట్టేదానికి ఎంతసేపు పట్టిందో" అంది.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. ఖజానాకి డబ్బు లేదన్నారు, దొంగసారా పెరిగిందన్నారు. అప్పటికి నేను హైదరాబాదులో చిన్న ఉద్యోగంలో ఉన్నాను. పేపరు చదివి మడిచి పక్కన పెట్టాను. లోపల ఏదో తెగిపోయింది. ఇంతేనా అనిపించింది. ఆ చలిలో, ఆ లాంతరు వెలుతురులో, ఆ జిగురు చేతులతో వాళ్ళు సంపాదించుకున్నది ఒక్క నిర్ణయంతో పోతుందా? దానికి తోడు, రాత్రి బడుల్లో నేర్చుకున్నవాళ్ళలో చాలామంది వాడుక లేక మర్చిపోయారని ఊరి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. అది కూడా నిజమే.

ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు నేను కూడా 'ఏం చేసినా ఇంతే' అనేవాళ్ళలో ఒకణ్ణి. ఈ మాటలో ఒక సుఖం ఉంది. దేనికీ పూనుకోనక్కర్లేదు, ఎవరినీ నమ్మనక్కర్లేదు, మోసపోయే భయం లేదు. పైగా నలుగురిలో తెలివైనవాడనే పేరు వస్తుంది. ఎవరైనా మంచి పని చేస్తున్నారంటే 'దాని వెనక ఏముందో' అని పెదవి విరిస్తే చాలు. ఇప్పుడు మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో, టీవీ చర్చల్లో వినపడేది ఎక్కువగా ఇదే. ఇరవై రెండేళ్ళ పిల్లలు కూడా అరవై ఏళ్ళవాళ్ళలాగా 'అందరూ అంతే అంకుల్' అంటుంటే గుండె కలుక్కుమంటుంది. వాళ్ళని తప్పుపట్టలేను. ఆ మాట నేర్పింది నాలాంటి వాళ్ళమే. ఓడిపోయిన సంగతి మాత్రమే చెప్పాం, ఆ అరుగు మీద ఏం జరిగిందో చెప్పలేదు. అందుకే ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను.

2016లో రోశమ్మ గారు చనిపోయారని వార్త చూశాను. ఆ రోజంతా మనసు మనసులో లేదు. వారం తర్వాత ఊరికి బయల్దేరాను. మా అమ్మానాన్న పోయాక నేను ఊరికి వెళ్ళడం బాగా తగ్గిపోయింది. పెద్దమ్మ అంతకుముందు సంక్రాంతికే పోయిందని అక్కడికెళ్ళాకే తెలిసింది. ఎవరూ నాకు ఫోన్ చేయలేదు. చేసేంత దగ్గరగా నేను ఉండలేదు.

కోడలు, అంటే మా వదిన, గడప దగ్గరే గుర్తుపట్టింది. "ఇన్నేళ్ళకి దోవ తెలిసిందా అబ్బయా" అని మంచం వాల్చింది. సజ్జ రొట్టె, చింతకాయ పచ్చడి పెట్టింది. గోడకి పెద్దమ్మ ఫోటో. మాటల్లో బడి సంగతి వచ్చింది. చాలామంది చదువు మర్చిపోయారట కదా వదినా, అన్నాను. ఆమె లేచి, బీరువాలోంచి నాలుగు పుస్తకాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పాత అట్టలు, మూలలు నలిగి, దారంతో కుట్టి ఉన్నాయి.

పొదుపు సంఘం పుస్తకాలు అవి. సారా గొడవ సద్దుమణిగాక, తాగుడు కింద పోకుండా మిగిలిన డబ్బు రోజుకో రూపాయి చొప్పున దాచుకోమని మా జిల్లాలో పొదుపు లక్ష్మి గ్రూపులు పెట్టించారు. మా బడివాళ్ళే పదిహేను మంది ఒక గ్రూపు కట్టారు. నెలకి ముప్పై రూపాయలు. తర్వాత డ్వాక్రా అయింది, బ్యాంకు లోన్లు వచ్చాయి, గేదెలు కొన్నారు, పిల్లల్ని హాస్టళ్ళలో వేశారు. ఇవన్నీ నేను హైదరాబాదులో కూర్చుని 'ఇంతేలే' అనుకుంటున్న రోజుల్లో జరిగినవి. మద్యనిషేధం ఎత్తేసిన నెలలో కూడా మీటింగు జరిగింది. ఆ పేజీ నేను వెతికి చూశాను. తేదీ ఉంది, పొదుపు ఉంది, పదిహేను సంతకాలు ఉన్నాయి.

పెద్దమ్మ సంతకం నాలుగో గడిలో. మొదటి పుస్తకంలో అక్షరాలు గడిలో పట్టలేదు, పక్కవాళ్ళ గడిలోకి పోయాయి. ఒక చోట మ తోక లేకుండా వ అయిపోయింది. దాన్ని కొట్టేసి పక్కన మళ్ళీ రాసింది. రెండో పుస్తకానికి అక్షరాలు గడిలో ఇమిడాయి. మూడో దాంట్లో తొందరగా రాసే మనిషి సంతకంలాగా కలిసిపోయి, కాస్త వాలుగా ఉన్నాయి. నెలకొకటి. నేను పేజీలు తిప్పుతూ పోయాను. జ్వరమొచ్చిన నెల కాబోలు, ఒకసారి గీతలు సన్నగా ఉన్నాయి. ఒక నెల ఆమె గడి ఖాళీ. "ఆ నెల మామ పోయినాడు" అంది వదిన. తర్వాతి నెల మళ్ళీ ఉంది.

నాలుగో పుస్తకంలో చివరి సంతకం 2014 డిసెంబరుది. చేయి వణికింది. మొదటి మూడక్షరాలు చితికిపోయి ఉన్నాయి. మ మాత్రం విడిగా తెలుస్తోంది. తోక గీత దాటి పక్క గడిలోకి పొడుగ్గా పోయింది. దాని కింద చిన్న మ.

నేను ఆ పేజీ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నట్టున్నాను. బయట చీకటి పడింది. వదిన లైటు వేసి, చేయి చాపింది.

"పుస్తకం ఇట్టియ్యి అబ్బయా. ఏడింటికి మీటింగుంది. ఇద్దరు కొత్తగా చేరతా ఉండారు, వాళ్ళ పేర్లు ఎక్కించాల."